రోల్డ్ గోల్డ్ గొలుసు: ధర్మవరం జరీ పక్కన పెట్టి చూస్తే

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం బజార్లలో రోల్డ్ గోల్డ్, గిల్టు, కవరింగ్, ఉమా గోల్డ్, వన్ గ్రామ్ గోల్డ్ అని రకరకాల పేర్లతో అమ్ముడుపోయే గొలుసులు చూపుకు దాదాపు ఒక్కలాగే ఉంటాయి. లోపలి నిర్మాణాన్ని బట్టి మాత్రం వాటిలో రెండు జాతులున్నాయి. బంగారు రేకును ఇత్తడికో రాగికో వేడితో, ఒత్తిడితో అతికించి, ఆ జంట లోహాన్ని కమ్మిగా సాగదీసి అల్లినది మొదటి జాతి. ప్రపంచ మార్కెట్లో గోల్డ్ ఫిల్డ్ అంటున్నది దీన్నే; రోల్డ్ గోల్డ్ అన్న పాత పేరు కూడా మొదట దీనిదే. ఇత్తడి గొలుసును ముందే అల్లేసి, తర్వాత బంగారు లవణం కరిగించిన తొట్టిలో ముంచి, కరెంటుతో పైన పొర పట్టించినది రెండో జాతి. మొదటిదాన్ని తాపడం గొలుసు అనీ, రెండోదాన్ని పూత గొలుసు అనీ ఇక్కడ వ్యవహరిద్దాం. ఈ నగల మీద మన దగ్గర జరిగే చర్చ ఎప్పుడూ అసలా, నకిలీయా అన్నచోటే ఆగిపోతుంది. ఆ ప్రశ్నతో కొనేవాళ్లకు ఒరిగేది తక్కువ. ఇందులో బంగారం ఎంత, అది ఏ పద్ధతిలో పట్టుకుని ఉంది అన్నవే తేల్చుకోవాల్సినవి. ఈ రెండింటికీ అంకెల్లో జవాబు దొరుకుతుంది. ఆ జవాబు అడిగే అలవాటు ఈ ప్రాంతానికి కొత్త కూడా కాదు. ధర్మవరం మగ్గాల దగ్గర జరీ విషయంలో తరతరాలుగా అడుగుతున్నారు. మెడలో గొలుసు దగ్గరికి వచ్చేసరికే ఆ అలవాటు తప్పిపోయింది.

తాపడం గొలుసు తయారీ కమ్మితో మొదలవుతుంది. ఇత్తడి కడ్డీని నున్నగా శుభ్రం చేసి, దానికి బిగుతుగా సరిపోయే బంగారు మిశ్రమపు గొట్టాన్ని తొడుగుతారు. నడుమ నూనె జిడ్డుగానీ చిలుముగానీ మిగిలితే అతుకు పడదు. బంగారం కరిగిపోనంత వేడిలో, గట్టి ఒత్తిడిలో ఉంచితే హద్దు దగ్గర రెండు లోహాల పరమాణువులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. అలా కలిసిన కడ్డీని రోలర్ల మధ్య నొక్కి, తర్వాత కమ్మచ్చు రంధ్రాల గుండా ఒకదాని తర్వాత ఒకటిగా లాగుతూ సన్నం చేస్తారు. ఇక్కడే ఈ పద్ధతి అందం ఉంది: కడ్డీ ఎంత సాగితే పైనున్న బంగారమూ అంతే సాగుతుంది. కమ్మి వంద రెట్లు పొడుగు పెరిగినా బంగారానికీ ఇత్తడికీ మధ్య తూకం నిష్పత్తి మారదు. అందుకే ఈ సరుకు మీద నిష్పత్తినే ముద్ర కొట్టగలిగారు. అమెరికా ప్రమాణం ప్రకారం గోల్డ్ ఫిల్డ్ అనాలంటే నగ మొత్తం బరువులో కనీసం 20వ వంతు, 10 క్యారెట్లకు తగ్గని బంగారు మిశ్రమం ఉండాలి. 1/20 14కే జీఎఫ్ అని ముద్ర ఉంటే బరువులో 5 శాతం 14 క్యారెట్ల బంగారం అని అర్థం. 14 క్యారెట్లలో మేలిమి 58.3 శాతం కాబట్టి, 10 గ్రాముల గొలుసులో అర గ్రాము మిశ్రమం, అందులో మేలిమి బంగారం 0.29 గ్రాములు. ఫిల్డ్ అన్న పేరు విని లోపలంతా బంగారం నిండి ఉందనుకుంటే పొరపాటు. నిండి ఉన్నది ఇత్తడి.

బరువు లెక్కను మందం లెక్కగా మారిస్తే విషయం ఇంకా తేటపడుతుంది. ఇత్తడి సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 8.5 గ్రాములు, 14 క్యారెట్ల బంగారానిది 13 గ్రాముల చిల్లర. అంటే బరువులో 5 శాతం ఉన్న బంగారం ఘనపరిమాణంలో 3.3 శాతమే ఆక్రమిస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసం ఉన్న కమ్మి చుట్టూ ఆ పొరను పరిస్తే మందం 8 మైక్రాన్ల పైచిలుకు వస్తుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అదే కమ్మిని అర మిల్లీమీటరుకు సన్నం చేస్తే, ముద్ర 1/20 అనే ఉన్నా, పొర 4 మైక్రాన్లకు పడిపోతుంది. కాబట్టి ఒకే ముద్ర ఉన్న రెండు గొలుసుల్లో లావు కమ్మిదే ఎక్కువ కాలం మన్నుతుంది. పూత గొలుసుల దగ్గర లెక్క వేరు. బంగారు ఎలక్ట్రోప్లేట్ అనిపించుకోవడానికి అమెరికా మార్గదర్శకాలు అడిగే కనీస మందం 0.175 మైక్రాన్లు. మన చౌక గొలుసుల మీద మెరుపు కోసం పట్టించే పొర అంతకన్నా పలుచగా కూడా ఉండవచ్చు. 8 మైక్రాన్లకూ 0.175కూ మధ్య తేడా 45 రెట్ల పైమాటే. కంటికి రెండూ ఒకే పసుపు.

గొలుసు ఎక్కడ అరుగుతుందో చూస్తే ఈ తేడా చేతికి తెలుస్తుంది. మెడకు ఆనే వైపు కన్నా ముందుగా, గొలుసులో ఒక కడియం మరో కడియంలో వేలాడే లోపలి అంచు దగ్గర రంగు పోతుంది. అక్కడ లోహం లోహాన్ని రోజంతా రాస్తూనే ఉంటుంది. చెమట, పసుపు, సబ్బు ఆ సందులోనే నిలుస్తాయి. పూత గొలుసును అక్కడ కొంచెం విడదీసి వెలుతురులో చూస్తే కొన్ని నెలలకే ఎర్రటి గీత కనిపిస్తుంది. తాపడం గొలుసులో అదే చోట బంగారం ఏళ్లపాటు నిలుస్తుంది. కానీ దానికీ ఒక బలహీన స్థానం ఉంది. కమ్మిని కత్తిరించి కడియంగా వంచినప్పుడు రెండు కొసల దగ్గర ఇత్తడి బయటపడుతుంది. టంకం సరిగా పారించి ఆ కొసలను మూయకపోతే గాలీ చెమటా అక్కడినుంచే లోపలికి దిగుతాయి. కొక్కేన్ని వేరే సరుకుతో చేసి తగిలించడం మరో లోపం. గొలుసంతా బాగుండగా కొండీ ఒక్కటే నల్లబడిందంటే కారణం ఎక్కువసార్లు అదే. మన కళ్లకు అలవాటైన 22 క్యారెట్ల ఎరుపు కలిసిన పసుపు 14 క్యారెట్లలో రాదు. అందువల్ల మన మార్కెట్టుకు వచ్చే సరుకు మీద ఆ వన్నె కోసం పైన మరో పలుచని పూత వేస్తారు. ఆ పై వన్నె వెలిసిపోయినంత మాత్రాన కింద బంగారం లేదని కాదు.

ఒక లోహాన్ని మరో లోహానికి తొడిగే విద్య చాలా పాతది. విజయనగర కాలంలో రాగి రేకుల మీద బంగారం పట్టించడం రాజులు శాసనాల్లో చెప్పుకునేంత ఘనకార్యం. తిరుమల ఆనందనిలయ విమానానికి శ్రీకృష్ణదేవరాయలు 1518లో బంగారు పూత చేయించాడు. 1565లో రాక్షస తంగడి యుద్ధం తర్వాత తిరుమల దేవరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాక, వరహాల వన్నె చూసే పని ఈ కొండ కిందికి చేరింది. సుమారు 3.4 గ్రాముల బంగారు నాణెం వరహా చేతులు మారే చోట గీటురాయి ఉండాల్సిందే. లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీది చిత్రాల్లో స్త్రీ పురుషుల మెడల్లో, చెవుల్లో, చేతుల్లో కనిపించే నగలు, వాళ్ల బట్టల అంచులు ఆనాటి అభిరుచికి సాక్ష్యం. ఆ ఆలయ నిర్మాణంతో ముడిపడిన విరూపణ్ణ పెనుకొండలో కోశాధికారి కావడం కూడా ఈ చరిత్రలో పక్కన పెట్టదగ్గది కాదు. నేలలోనూ బంగారం ఉంది. ధర్మవరానికీ పెనుకొండకూ దగ్గరున్న రామగిరిలో ఇరవయ్యో శతాబ్ది మొదట్లో బ్రిటిష్ కంపెనీలు గనులు తవ్వాయి; తర్వాత భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ పనిచేసి 2001లో ఆపేసింది. ఇంత బంగారం వాసన ఉన్న నేలలో సామాన్యుల మెడలకు చేరింది మాత్రం తక్కువే.

ఆ లోటును పూడ్చే యంత్ర పద్ధతి ఇంగ్లండులో పుట్టింది. 1743 ప్రాంతంలో షెఫీల్డ్‌లో థామస్ బౌల్సోవర్ వెండి రేకునూ రాగినీ కలిపి వేడిచేస్తే అవి అతుక్కుని ఒకే లోహంలా సాగుతాయని కనిపెట్టాడు. షెఫీల్డ్ ప్లేట్ అని పేరుపడిన ఆ సూత్రమే తర్వాత బంగారానికీ పాకింది. 1859లో ఫిలడెల్ఫియాకు చెందిన జేమ్స్ బాస్ గడియారపు డొప్పలను రెండు బంగారు రేకుల మధ్య చవక లోహం పెట్టి, రోలర్లతో నొక్కి చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. డొప్పకు తగిలించే గొలుసు కూడా అదే సరుకుతో రావడం సహజమైపోయింది. ఈ లోపు 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కుటుంబం విద్యుత్తుతో పూత పట్టించే పద్ధతికి పేటెంటు తీసుకుంది. అప్పటినుంచీ తాపడమూ పూతా పక్కపక్కనే పెరిగాయి, పోటీ పడ్డాయి. కొన్నవాళ్లు ఏది ఏదో తెలియక మోసపోతున్నారన్న ఫిర్యాదుల మధ్య అమెరికా 1906లో బంగారం, వెండి ముద్రల చట్టం చేసింది. గోల్డ్ ఫిల్డ్ సరుకుకు ఆ దేశంలో గౌరవం మిగలడానికి ఇలాంటి ముద్రల క్రమశిక్షణే కారణమని నా అభిప్రాయం. సరుకు మంచిదైనంత మాత్రాన పేరు నిలబడదు. పేరును ఎవరు పడితే వాళ్లు వాడకుండా ఆపగలగాలి.

తెలుగు నేల మీద ఈ పనికి కేంద్రం మచిలీపట్నం, అందులోనూ చిలకలపూడి. చిలకలపూడి బంగారం అన్న మాట హిందూపురంలోనూ అర్థమవుతుంది. అచ్చులు చెక్కేవాళ్లు, వాటిలో రేకు కొట్టేవాళ్లు, టంకం పెట్టేవాళ్లు, రాళ్లు పొదిగేవాళ్లు, మెరుగు పెట్టేవాళ్లు అని పని ఇళ్లకూ వీధులకూ పంచుకుని సాగింది. పోతేపల్లిలో వీళ్లకోసం ప్రత్యేకంగా నగల పార్కు కూడా వెలిసింది. తమిళనాట చిదంబరం కవరింగ్ నగలకు ఇలాంటి పేరే ఉంది. హిందూపురం బెంగుళూరుకు వంద కిలోమీటర్ల దూరమే కావడంతో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అంగళ్లకు సరుకు తూర్పునుంచీ వస్తుంది, దక్షిణాన బెంగుళూరు హోల్‌సేల్ వీధులనుంచీ వస్తుంది. ఇక్కడ ఒక చట్టాన్ని గుర్తుచేసుకోవాలి. 1963 జనవరిలో కేంద్రం బంగారు నియంత్రణ నిబంధనలు తెచ్చి, 14 క్యారెట్లు మించిన కొత్త నగలు చేయకూడదంది. ఎందరో కంసాలుల కుంపట్లు ఆరిపోయాయి. ఆ హద్దును కొన్నేళ్లకే ఎత్తేసినా, 1968 చట్టం రూపంలో నియంత్రణ 1990 దాకా నడిచింది. వెలిసినట్టుండే 14 క్యారెట్ల నగను జనం ఒప్పుకోలేదు. లోపల ఏమున్నా పైకి నిండు పసుపు కనిపించాలన్న మన కోరిక ఎంత బలమైనదో అప్పుడే తేలింది. గిల్టు నగ తీర్చినది సరిగ్గా ఆ కోరికనే.

ఇప్పుడు జరీ దగ్గరికి వద్దాం. వస్త్రశాస్త్రమూ నగలశాస్త్రమూ వేరని పక్కకు తోసేయడానికి లేదు, ఎందుకంటే అసలు జరీ నిర్మాణం తాపడం గొలుసుకు తోబుట్టువు. పాత పద్ధతిలో వెండి కడ్డీకి బంగారు రేకు చుట్టి, వేడిచేసి, కమ్మచ్చు రంధ్రాల గుండా వెంట్రుకంత సన్నం అయ్యేదాకా లాగేవారు. కడ్డీ మీద ఎంత నిష్పత్తిలో బంగారం ఎక్కిందో, చివరి పోగు మీదా అంతే. ఆ కమ్మిని చదును చేసి పట్టుదారం చుట్టూ చుడితే జరీ. తర్వాత సూరత్ కార్ఖానాలు విద్యుత్ పూతకు మళ్లాయి. వెండి కమ్మిని ముందు చదునుచేసి దారానికి చుట్టి, ఆ పైన బంగారం పట్టిస్తున్నారు. గొలుసు నడిచిన దారినే జరీ కూడా నడిచింది. తాపడం నుంచి పూతకు, అసలు వెండి నుంచి రాగికి, రాగి నుంచి ప్లాస్టిక్ పొరకు దిగింది. ధర్మవరం వ్యాపారంలో ఈ మెట్లకు విడివిడి పేర్లు, విడివిడి ధరలు ఉన్నాయి. వెండి మీద బంగారం ఉన్నది అసలు జరీ, రాగి మీద వెండి పూత ఉన్నది హాఫ్ ఫైన్, ఇక చివర ఇమిటేషన్. అసలు జరీలో కూడా బంగారం బరువులో అర శాతం చుట్టుపక్కలే. మిగిలింది వెండి, రాగి, పట్టు. అయినా ధర్మవరం పట్టుచీరను ఎవరూ నకిలీ బంగారం చీర అనరు. అందులో ఏముందో చెప్పి అమ్మారా లేదా అని మాత్రమే చూస్తారు.

ఈ పోలికలో ఒక చిక్కుంది. చీరను బంగారమని ఎవరూ కొనరు, గొలుసును కొంటారు అని ఎవరైనా అనవచ్చు. నిజమే. కానీ జరీకీ తిరిగి అమ్ముకునే విలువ ఉంది. పాత పట్టుచీరలు కొంటామని వీధుల్లో కేకవేస్తూ వచ్చేవాళ్లు లెక్కగట్టేది అంచులోని వెండినే. చీరను కాల్చి బూడిదలోంచి లోహం తీస్తారు. అమ్మేటప్పుడు అసలు జరీ అని చెప్పిన చీరకు ఈ చివరి దశలో ధర పలకకపోతే, కొన్నప్పటి అబద్ధం ఏళ్ల తర్వాత బయటపడుతుంది. అంటే చీరకూ ఒక లోహపరీక్ష ఎదురవుతూనే ఉంది. జరీలో మోసం లేదా అంటే ఉంది; రాగి జరీని వెండి జరీ ధరకు అంటగట్టిన సందర్భాలు లేకపోతే ఎక్స్‌రే పరీక్ష యంత్రాల అవసరమే వచ్చేది కాదు. కానీ మెట్లకు పేర్లుండడం వల్ల మోసం మోసంగా నిరూపించడానికి వీలుంది. గొలుసు బజారులో ఐదు పేర్లున్నా ఒక్కదానికీ ఇంత అన్న కొలత లేదు. అందువల్ల అక్కడ అబద్ధాన్ని అబద్ధమని నిరూపించే దారే లేదు.

వన్ గ్రామ్ గోల్డ్ అన్న పేరునే తీసుకుని లెక్క వేద్దాం. ఒక మిల్లీమీటరు ఇత్తడి కమ్మి రెండున్నర మీటర్లు పట్టే గొలుసును ఊహించండి. దాని బరువు 17 గ్రాములకు కాస్త తక్కువ, కమ్మి ఉపరితలం 78 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. ఒక గ్రాము మేలిమి బంగారాన్ని ఆ ఉపరితలమంతా సమంగా పరిస్తే ఆరున్నర మైక్రాన్ల మందం వస్తుంది. అంటే పేరు నిజమైతే ఈ గొలుసు ఘనమైన తాపడానికి దీటుగా ఏళ్లు మన్నాలి. మరి ధర? 2025 ఏప్రిల్‌లో మేలిమి బంగారం గ్రాము 10,000 రూపాయలు దాటింది. కొన్ని వందలకు అమ్మే గొలుసులో పదివేల రూపాయల బంగారం ఉండే అవకాశం లేదు. 1/20 ముద్రకు తగిన గోల్డ్ ఫిల్డ్ అయినా ఇదే గొలుసులో సుమారు అర గ్రాము మేలిమి, అంటే ఆ ధర ప్రకారం ఐదువేల రూపాయల దాకా బంగారమే పడుతుంది. కూలి, అచ్చు, ఇత్తడి, అంగడి లాభం ఆ పైన. కాబట్టి చవక గొలుసు మీద గోల్డ్ ఫిల్డ్ అని రాసి ఉన్నా, వన్ గ్రామ్ అని రాసి ఉన్నా, ధర చూసే అది పలుచని పూత అని చెప్పవచ్చు. 1970 ప్రాంతంలో పది గ్రాముల బంగారం రెండు వందల రూపాయల లోపే ఉండేది. అప్పుడు అర గ్రాము బంగారం పది రూపాయలు. నిజమైన రోల్డ్ గోల్డ్ గొలుసు ఒక మామూలు కుటుంబానికి అందేది. ఆ తరం వాళ్లు రోల్డ్ గోల్డ్ ఇరవై ఏళ్లు నిలిచేదని చెప్పే మాటలో అతిశయోక్తి వెతకనక్కర్లేదు. బంగారం ధర పెరిగే కొద్దీ పొర పలచబడింది. పాత పేరు మాత్రం కొత్త సరుకుకు అలాగే తగిలించి ఉంది.

ఈ వాదానికి వచ్చే గట్టి అభ్యంతరం బంగారం నగ మాత్రమే కాదు, దాచుకున్న సొమ్ము కూడా అన్నది. అనంతపురం సీమ దేశంలోనే వాన తక్కువగా పడే ప్రాంతాల్లో ఒకటి. వేరుశనగ ఎండిన ఏడు, బోరు వట్టిపోయిన ఏడు, పిల్లల ఫీజులు కట్టాల్సిన నెల, ఇంట్లో ఉన్న నాలుగు తులాలే బ్యాంకుకు వెళ్తాయి. గిల్టు గొలుసును ఎవరూ కుదువ పట్టుకోరు. అలాంటప్పుడు దాని మీద పెట్టిన డబ్బు దండగే కదా అంటారు. ఈ అభ్యంతరంలో సగం నిజముంది: గిల్టు నగ పొదుపు కాదు, పొదుపని అమ్మితే అది తప్పే. కానీ ఇళ్లలో జరుగుతున్నది చూస్తే ఈ రెండూ ఒకదానికొకటి పోటీగా లేవు. అసలు గొలుసు బ్యాంకులో ఉన్నప్పుడు పెళ్లికి వెళ్లే మెడ బోసిపోకుండా కాపాడేది గిల్టే. తాళిబొట్లు బంగారానివి ఉంచుకుని, గొలుసు మాత్రం కవరింగ్‌ది వేసుకోవడం మామూలైంది. మెడలోంచి గొలుసు తెంపుకుపోయే దొంగల భయం కూడా దీనికి తోడైంది. బస్సుల్లో, సంతల్లో, ఉరుసుల్లో తిరిగే ఆడవాళ్లకు ఇది ఆడంబరం విషయం కాదు. బంగారాన్ని తాకట్టుకు విడిచిపెట్టగలగడానికి గిల్టు తోడ్పడుతోంది. ఈ పని విలువను కరిగించి తూచే కాటాతో కొలవలేం. ఏడాది మన్నిక కోసం ఐదు వందలు పెట్టడమా, పదిహేనేళ్ల మన్నిక కోసం ఏడెనిమిది వేలు పెట్టడమా అన్నది ఇంటి బడ్జెట్ లెక్క. ఆ లెక్క వేసుకోవడానికి ముందు మందం తెలియాలి, అది చెప్పేవాళ్లు లేరు.

రెండో అభ్యంతరం ఇంకా పదునైనది. మందమైన తాపడం ఎంత మంచిదైతే అంత ప్రమాదకరం, తాకట్టు మోసాలకు అదే పనికొస్తుంది అని. గీటురాయి మీద గీస్తే అంటుకునేది పై పొరే. పొర పది మైక్రాన్లకు దగ్గరైతే అంగళ్లలోని ఎక్స్‌రే యంత్రం కూడా పైనున్నదాన్నే ఎక్కువగా చదువుతుంది. అందుకే అనుభవం ఉన్న కంసాలి ఆకురాయితో కనపడనిచోట చిన్న గాటు పెట్టి, అక్కడ నత్రికామ్లం చుక్క వేస్తాడు. ఇత్తడి ఉంటే ఆకుపచ్చగా పొంగుతుంది. గాటు పెట్టడం ఇష్టం లేకపోతే నీళ్లు చాలు. 20 గ్రాముల 22 క్యారెట్ల గొలుసు నీళ్లలో మునిగితే 1.1 మిల్లీలీటర్ల నీరు జరుగుతుంది. అంతే బరువున్న తాపడం గొలుసు 2.3 మిల్లీలీటర్లు జరుపుతుంది. రెట్టింపు తేడాను సన్నని కొలజాడీతో ఎవరైనా పట్టుకోవచ్చు. మోసం భయంతో మంచి సరుకును వద్దనడం కన్నా, మంచి సరుకు మీద చెరగని ముద్ర అడగడం మేలు. 1/20 అని స్పష్టంగా కొట్టి ఉన్న గొలుసును ఎవరూ బ్యాంకు కౌంటరు మీద 22 క్యారెట్లని పెట్టలేరు. ముద్ర చెరిపేస్తారు కదా అంటే, చెరిపిన జాడే అనుమానానికి మొదటి ఆధారం. అసలు బంగారం విషయంలో మనం ఈ దారి పట్టి చాలాకాలమైంది. 2000లో మొదలైన బీఐఎస్ హాల్‌మార్క్ 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో తప్పనిసరైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ గుర్తింపు కోడ్ లేని కొత్త నగ అమ్మకూడదు. ఆ ముద్ర చెప్పేది నగ లోహమంతటి వన్నె గురించి. కాబట్టి తాపడం నగకు అది వర్తించదు, వర్తింపజేయనూ కూడదు. దీనికి వేరే ముద్ర కావాలి.

చర్మం సంగతి వేరే చెప్పాలి. గిల్టు వేసుకుంటే మెడ నల్లబడుతుంది, దురద పెడుతుంది అన్న మాటకు కారణాలు రెండు. ఆకుపచ్చ, నలుపు మరకలు రాగి చెమటతో కలవడం వల్ల వచ్చేవి, కడిగితే పోతాయి. దురద, పొక్కులు ఎక్కువగా నికెల్ పని. బంగారం పూత కింద మెరుపు కోసం, గట్టిదనం కోసం చాలాచోట్ల నికెల్ పొర వేస్తారు. పైపొర అరిగితే నికెల్ చర్మానికి తగులుతుంది. ఐరోపా దేశాలు చర్మానికి ఎప్పుడూ ఆనుకుని ఉండే నగల నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాముకు మించి నికెల్ విడుదల కాకూడదని హద్దు పెట్టాయి. నల్లపూసల గొలుసును రాత్రీ పగలూ మెడలోంచి తీయని స్త్రీకి ఈ సమాచారం బంగారం శాతం కన్నా ముఖ్యం. ఎనిమిది మైక్రాన్ల తాపడం ఈ బాధను ఏళ్లపాటు వాయిదా వేస్తుంది. పావు మైక్రాను పూత పండగ వెళ్లేదాకా ఆపితే గొప్ప.

చిన్న అంగడి పెట్టుకున్నవాళ్లు ఇన్ని వివరాలు ఎక్కడ తేగలరు అన్నది చివరి ప్రశ్న. హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో గూళ్ల నాణ్యత చూసే ధర కడతారు. ధర్మవరంలో జరీని సుమారు 240 గ్రాముల మార్కు లెక్కన, ఏ రకమో చెప్పి అమ్ముతారు. ఇక్కడి వ్యాపారులకు తూకమూ వన్నే కొత్త పాఠాలు కావు. గొలుసు అంగడివాడు కొత్తగా పరీక్షించాల్సింది కూడా లేదు. సమాచారం తయారీ దగ్గరే పుడుతుంది. తాపడం సరుకైతే గొట్టానికీ కడ్డీకీ వేసిన తూకంలోనే నిష్పత్తి ఉంది. పూత సరుకైతే తొట్టిలో ఎన్ని గ్రాముల బంగారం ఖర్చయిందో, ఆ తొట్టిలో ఎన్ని కిలోల గొలుసులు మునిగాయో యజమాని ఖాతాలో రాసుకోక తప్పదు, ఎందుకంటే అతని లాభం నిలిచేది ఆ లెక్క మీదే. ఆ రెండు అంకెల భాగహారం, కింద ఉన్న లోహం పేరు, నికెల్ ఉందో లేదో ఒక మాట: గొలుసుకు కట్టే చీటీలో ఇవి మూడూ పడతాయి.